అలమర కింద పెళ్లి దీపాలు

గచ్చిబౌలిలో కిరాయికి దిగిన కొత్త పెళ్లికూతురు, పెళ్లిపందిట్లో మిగిలిన సీరియల్ బల్బుల తీగను వంటింటి అలమర కింద కట్టి మురిసిపోతుండగా ఇల్లుగలావిడ వచ్చింది.

"ఏందిది? వంటిల్లా, బోనాల పందిరా?"

"వంటిల్లేనండి. లైటు వెనకుంది, కూర తరుగుతుంటే కత్తిపీట మీద నా నీడే పడుతోంది."

"నా గోడకు మేకులు కొట్టినవా?"

"ఒక్కటీ కొట్టలేదు. దారంతో కట్టాను."

"నోరు బాగనే నడుస్తది! తియ్. లేకుంటే నేనే తెంపుత."

"నేను తీయనండి."

ఆవిడ ఒక బల్బు పుటుక్కున తెంపింది. తీగంతా ఆరిపోయింది.

"ఇగ ఎట్ల వెలుగుతదో చూస్త!"

పెళ్లికూతురు ప్లగ్గు పీకి, తెగిన కొసలు రెండూ మెలిపెట్టి, టేపు చుట్టి, స్విచ్చి వేసింది. బల్బులన్నీ మళ్లీ భళ్లున నవ్వాయి.

"మీ చేతిలోదొక్కటే వెలగట్లేదండి. పారేయనా?"