చీమలు రాలేదని బందు పెట్టిన

గట్ల కోపం జేస్తవేంది డాక్టరమ్మా? గోలీలు నేను ఊకెనే బందు పెట్టలే. మంచిగ సోంచాయించే పెట్టిన.

నువ్వు కాలు కట్టు విప్పి నీ పని చేస్కో. నేను అటు తిరిగి కూసుంట. సూదంటే నాకు చిన్నప్పటి సంది భయం. ముచ్చట చెప్తుంటే జర ధైర్యముంటది.

నాకు షుగరున్నదని మొదట చెప్పింది చీమలే. ఇంటెనక గోడకాడ ఉచ్చ పోస్తే చాలు, పది నిమిషాలల్ల బారు కట్టేటియి. నా పెండ్లాం శివమ్మ చూసి, "పెంటయ్యా, నీ ఒంట్ల బెల్లం వండుతున్నరు, దవాఖానకు పోదాం పా" అన్నది. ఆమె బయటనే కూసున్నది, అడుగు. గప్పుడే గోలీలు మొదలైనయి.

తర్వాత ఏర్‌పోర్టు వచ్చె. చేను దాంట్ల పాయె, ఆడనే సామాన్ల ట్రాలీలు నూకే నౌకరి దొరికె. నేను ట్రాలీలు వరుస పెడితే చూడాలె నువ్వు, జొన్నచేన్ల సాళ్లు తోలినట్టే ఉంటయి.

ఆడ బాత్రూములకు పోతే ఒక్క చీమ లేదు. నెల చూసిన, రెండు నెలలు చూసిన. ఇంట్ల గూడ కొత్త లెట్రిన్ కట్టిస్తిమి, బకెట్ నీళ్లు కొడితే ఆడ గూడ లేవు. ఇగ షుగరు పోయినట్టే గదా? ఆ ఖుషీల గోలీల డబ్బ అటకెక్కించి, జిలేబి తిన్న.

నవ్వకు, నీ చెయ్యి కదులుతది. అవును, ఆడ గంటకోసారి ఫినాయిలు పెట్టి కడుగుతరు. చీమెట్ల బతుకుతది? నాకది తట్టలే. మనకు నచ్చిన మాటయితే చీమ చెప్పినా నమ్ముతం.

మేకు సంగతంటవా? బూటు అడుగుకెల్లి ఎక్కింది. రెండు రోజులు దానిమీదనే నడిచిన, సుర్రుమనలే. సాక్సు విప్పితే నెత్తురు. శివమ్మ లొల్లి పెట్టింది. "నొప్పి లేదంటే కాలు గట్టిపడ్డట్టే, పిచ్చిదానా" అన్న నేను. షుగరు ముందుగాల నొప్పి తెలిపే నరాన్నే తింటదని నువ్వు చెప్తేనే ఎర్కయింది.

వేలు తియ్యకమ్మా. ట్రాలీ నూకాలంటే బొటనవేలు మీదనే బలం. సరే, ఇగ కానియ్యి. కండ్లు మూసుకున్న.

ఏందీ, అయిపోయిందా? కడిగి, చెడిన తోలు గూడ కోసినవా? ఎప్పుడు?

ఇప్పుడు నాకు తెలుస్తుందో లేదో అని ఆ ప్లాస్టిక్ దారం పెట్టి ముట్టుకుంటున్నవా? ఆ, తెల్సింది. బొటనవేలు కాడ. మస్తు తెల్సింది.

లేదమ్మా. అబద్ధం. ఓరకంట నీ చెయ్యి చూసి చెప్పిన. నాకేం తెల్వలే. ఎన్నడు లేంది, జర నొప్పి పుడితే బాగుండనిపిస్తుంది.

ఏమంటివి? వేలు దక్కుతదా? రోజు గోలీలేస్కొని, పొద్దుమాపు కాలు చూపించుకుంటెనే? సరే, గోలీలు రాయి. కాని ఆ మాట శివమ్మను పిలిచి ఆమెకే చెప్పు. కాలు నాదే గాని, ఇగ నొప్పయిందో లేదో చూసి చెప్పాల్సింది ఆమెనే.