వద్దాంటీ మెడలో తాళంచెవి

అది కాదు తమ్ముడూ, ఎవరో ఒకరు ఫోన్ చేసి ఏదో చెప్తే చాలా? సంచిలోంచి సీలు తీసి కుళాయికి వేసెయ్యడమేనా? ముందూ వెనకా అడగక్కర్లేదా? ఆ సీలు తీగ కాస్త పక్కన పెట్టండి. పెట్టండి, ఎక్కడికీ పోదు. ఈ మెట్టు మీద నీడ ఉంది, ఇలా కూర్చోండి.

సార్ అనాలేమో మిమ్మల్ని. మునిసిపాలిటీ నుంచి వచ్చారు, చొక్కా మీద గుర్తు కూడా ఉంది. కానీ ముఖం చూస్తే మా తమ్ముడే గుర్తొస్తున్నాడు. వాడూ ఇంతే, ఎంత ఎండలోనైనా టోపీ పెట్టుకోడు. ఈ మంచినీళ్ళు తాగండి. తాగాక మీ పని మీరు చేసుకుందురుగాని.

బాధ్యులెవరంటారా? నేనే. ఈ కుళాయి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఇదిగో, మెడలో. నిద్రపోయినా తియ్యను. మా ఆయన పక్కకు తిరిగి పడుకున్నప్పుడల్లా ఇది వీపుకు గుచ్చుకుంటుందట. కుళాయితో కాపురం చేస్తున్నట్టుంది అంటారు.

మీరు ఈ ఆవరణ ఇప్పుడు చూస్తున్నారు. సెలవుల మొదట్లో చూసి ఉండాల్సింది. నాలుగు బిల్డింగుల మధ్య ఇంత సిమెంటు నేల, మధ్యలో ఎప్పుడో మొక్కలకని వేసిన ఈ కుళాయి. మొక్కలు ఎండిపోయాయి, కుళాయి మిగిలింది. బడికి సెలవులిచ్చారో లేదో, పిల్లలంతా గదుల్లో కర్టెన్లు మూసుకుని ఫోన్లలోకి తలలు దూర్చేశారు. ఎవరి ఫ్యాను కింద వాళ్ళు. పక్కవాటాలో ఎవరున్నారో గుమ్మం ముందు చెప్పుల్ని బట్టి తెలుసుకోవడమే.

అప్పుడు దర్జీ అక్క పూనుకుంది. అదిగో, రెండో అంతస్తులో మిషను చప్పుడు వినిపిస్తోందే, ఆవిడే. అందరినీ ఈ మెట్ల మీదకే మీటింగుకు పిలిచింది. సాయంత్రం ఒక్క గంట కుళాయి తిప్పితే పిల్లలు నీళ్ళలో ఆడుకుంటారు, మునిసిపాలిటీని అడుగుదాం అంది. అందరూ బాగుంది బాగుంది అన్నారు. నేనొక్కదాన్నే లేచి నిలబడ్డాను.

సిమెంటు నేల జారదా? చెవుల్లోకి నీళ్ళు పోతే? తడిబట్టలతో గంటసేపు ఉంటే జలుబు చెయ్యదా? కరెంటు మీటర్లు ఆ గోడకే ఉన్నాయి కదా? పెద్ద పిల్లలు చిన్నపిల్లల్ని తోసేస్తే? అడుగుతూనే ఉన్నాను. అసలు నేను మీటింగుకు వెళ్ళిందే వద్దనడానికి. తిరిగొచ్చింది మాత్రం ఈ తాళంచెవితో.

ఎలాగా? గార్డు తాతయ్య లేచి, ఇన్ని అనుమానాలు వచ్చే మనిషి చేతిలో ఉంటేనే కుళాయి క్షేమం అన్నారు. అంతే, అందరూ చప్పట్లు. నేనింకా తడి తువ్వాళ్ళ సంగతి అడగనే లేదు.

గార్డు తాతయ్యంటే, ఈ కింది వాటాలో ఉంటారే, ఆ కిటికీ మూసుకున్నాయన. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఈల, పచ్చజెండా ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. నీళ్ళు వదిలేటప్పుడు జెండా ఊపడం, టైమైపోగానే ఈల వెయ్యడం ఆయన వంతు. ఆయన కిటికీ సంగతి మళ్ళీ చెప్తాను, గుర్తుంచుకోండి.

మీ ఆఫీసు ఒప్పుకుని పెట్టిన షరతులు నాకు నోటికి వచ్చు. సాయంత్రం ఒక్క గంటే. తిప్పేముందు గొట్టం పైన జల్లెడ మూత బిగించాలి, నీళ్ళు వానలా పడాలి గాని చిమ్మకూడదు. పెద్దవాళ్ళు ఒకరు దగ్గరుండాలి. ఏ షరతు తప్పినా ఆఫీసుకు చెప్పాలి. చూశారా, ఒక్కటీ మర్చిపోలేదు.

వాటికి నావి కొన్ని కలిపాను. పరుగెత్తకూడదు. తోసుకోకూడదు. రబ్బరు చెప్పులు లేనిదే రాకూడదు. చిన్నపిల్లలు ముందు, పెద్దపిల్లలు తర్వాత, వరసలో రావాలి. తల తుడుచుకోనిదే ఇంటికి పోకూడదు.

నవ్వకండి. మీకు పిల్లలున్నారా? లేరా. అయితే ఇది మీకెలా చెప్పాలి... చూడండి, మా అమ్మా వాళ్ళూ చాలా దూరాన ఉన్నారు. అత్తగారి వాళ్ళూ అంతే. ఇక్కడ మేమిద్దరం, పిల్లలిద్దరూ. మావాడు పడ్డాడనుకోండి, భయపడడానికి నేనున్నాను. ఎత్తుకోవడానికి నేనున్నాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న ఉన్నారు. "ఏం కాలేదులే" అనే మనిషే లేదు. ఆ ఒక్క మాట అనడానికి ప్రతి ఇంట్లో ఒకరుండాలి తమ్ముడూ. మా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఉండేది. మోకాలు చీరుకుపోయి ఇంటికొస్తే ముందు ఆ మాట, తర్వాతే మందు. అమ్మ ఇప్పటికీ ఫోన్లో అంటుంది. ఫోన్లో అంటే అది వంటికి పట్టదు, ఏం చెయ్యను?

అందుకని ముందే అన్నీ వద్దంటాను. పిల్లలు నాకు వద్దాంటీ అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవారు. తర్వాత మా చిన్నాడే ఇంట్లో అన్నాడు, వద్దాంటీ అన్నం పెట్టు అని.

ఇక ఆటంటారా? బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడేవారు పాపం. ఒకళ్ళు వెళ్ళి తడిసి ఇవతలికి రాగానే నేను తువ్వాలు పట్టుకుని తయారు. రోజురోజుకీ వరస చిక్కిపోయింది. ఆఖరికి నీళ్ళు పడుతుంటే కింద నా పిల్లలిద్దరే. అందులోనూ మా పెద్దది ఒడ్డున నిలబడి కాళ్ళు మాత్రం తడుపుకునేది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, గట్టిగా కూడా కాదు, మెల్లగా అంది. "అమ్మా, రేపు నువ్వు రాకమ్మా."

నాకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది.

సరే, ఆ మధ్యాహ్నం సంగతికి వస్తున్నాను. మీరు వచ్చింది దానికే కదా. ఆ రోజు కరెంటు పోయింది, మీకూ పోయే ఉంటుంది. గదుల్లో నిలవలేక నాలుగు బిల్డింగుల జనం ఈ మెట్ల మీదకొచ్చి పడ్డారు. దర్జీ అక్క మిషను ఆగిపోయింది. గార్డు తాతయ్య తడిరుమాలు నెత్తిన వేసుకుని కుర్చీ నీడ వెంట జరుపుకుంటూ పోతున్నారు. మావాడికి మెడంతా చెమటకాయలు, గోకి గోకి ఏడుస్తున్నాడు. పిల్లలందరూ గోడకానుకుని వాడిపోయి కూర్చున్నారు.

కుళాయి ఎదురుగానే ఉంది. తాళంచెవి నా మెడలోనే ఉంది. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు తమ్ముడూ.

అడిగితే వద్దనేదాన్నే. సాయంత్రం దాకా ఆగాలి, షరతు షరతే అనేదాన్ని. కానీ అడగనే లేదు. మా పెద్దది నా మెడలో తాళంచెవి వంక ఒక్కసారి చూసింది. చూసి మొహం తిప్పుకుంది. అడిగి లాభం లేని మనిషి దగ్గర ఎలా ఉంటామో, అలాగ. నా కడుపున పుట్టిన పిల్ల.

ఇక నేను ఏం చేశానో నాకే తెలియలేదు. లేచాను, తాళం తీశాను, తిప్పేశాను.

అవును, నేనే. ఆ వేళ కాని వేళలో కుళాయి తిప్పింది నేనే. రాసుకోండి, రాసుకోండి. జల్లెడ మూత బిగించారా అంటారా? అదే కదా. మూత నా చేతిసంచిలోనే ఉండిపోయింది.

నీళ్ళు ఎంత ఎత్తు లేచాయనుకున్నారు. దర్జీ అక్క బాల్కనీలో బట్టలు తొడిగే బొమ్మ ఒకటుంది చూడండి, తలా చేతులూ లేనిది. అది తడిసి ముద్దయింది. నీళ్ళు అక్కడి నుంచి తిరిగి వచ్చి తాతయ్య కుర్చీ మీద పడ్డాయి. అందరూ ఆయన వైపే చూశాం. ఆయన రుమాలు తీసి పిండుకున్నారు. గడియారం చూసుకున్నారు. జేబులో చెయ్యి పెట్టారు. ఈల తీస్తారు, అయిపోయింది అనుకున్నాను. పచ్చజెండా తీసి ఊపారు.

ఇక చూడాలి. వరసా లేదు, చెప్పులూ లేవు. పిల్లలు సరే, పెద్దవాళ్ళు కూడా దిగిపోయారు. దర్జీ అక్క మెడలో కొలతల టేపుతోనే దిగింది. ఉత్తరాలివ్వడానికి వచ్చిన పోస్టుమాన్ సంచి గట్టు మీద పెట్టి, తల ఒక్కటి నీళ్ళలో పెట్టి, తీసి, సంచి తగిలించుకుని ఏమీ జరగనట్టు వెళ్ళిపోయాడు. నేను మూత బిగిద్దామని కుళాయి దగ్గరికి పరుగెత్తాను. పరుగెత్తకూడదని చెప్పిందెవరు? నేనే. జారిపోయింది ఎవరు? చెప్పాలా?

వెల్లకిలా పడ్డాను. చప్పుడుకి అందరూ ఆగిపోయారు. వద్దాంటీ పడిందని నవ్వాలో వద్దో పిల్లలకు తెలియలేదు. అప్పుడు మా పెద్దది వచ్చి, నా పక్కన నీళ్ళలో గొంతుక్కూర్చుని, నా మోచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏం కాలేదులే అమ్మా," అంది.

అచ్చం మా అమ్మమ్మ గొంతు. ఆవిడని అది చూడను కూడా చూడలేదు.

కళ్ళలో నీళ్ళేం కాదు, ఎండ. అక్కడే కూర్చుని నేనే ముందు నవ్వాను. తర్వాత ఎవరినీ ఆపలేకపోయాం.

అంత జరిగాక, మర్నాడల్లా గడిచింది, ఆ తర్వాత గేటుకి మీ నోటీసు వచ్చింది. ఒక నివాసి ఫిర్యాదు మేరకు కుళాయికి సీలు వేయబడును అని. చదివి అందరి మొహాలూ మాడిపోయాయి. సెలవులు ఇంకా సగమైనా కాలేదు. మళ్ళీ గదులు, కర్టెన్లు, ఫోన్లు.

ఎవరు ఆ నివాసి? అందరి చూపూ ఆ కిటికీ మీదకే పోయింది. తడిసింది ఆయన. నీళ్ళు చేరింది ఆయన గడపలోకి. గడియారం చూసుకుంది ఆయన. జెండా ఊపిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. పిల్లలు ఆయన గుమ్మం ముందు నుంచి వెళ్ళడం మానేశారు. దర్జీ అక్క ఆయన లాగు కుట్టకుండానే తిప్పి పంపింది, ఖాళీ లేదని. ఆయన కిటికీ మూసుకున్నారు, అంతే.

ఆయనకు తెలుసు తమ్ముడూ. ఫోన్ చేసింది ఎవరో ఆయనకు తెలుసు. ఈ మెట్ల కిందే నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతుంటే ఆయన తలుపు తీశారు. చూశారు. తలుపు మళ్ళీ వేసుకున్నారు. ఆ పేరు బయట పెడితే ఆయన మీద నింద పోతుంది. పెట్టలేదు.

ఎవరంటారేమిటి? ఇంకా తెలియలేదా?

నేనే.

అదేమిటంటే ఏం చెప్పను? షరతు తప్పితే ఆఫీసుకు చెప్పాలి అని రాసింది మీరే కదా. చెప్పకుండా ఉంటే ముద్ద దిగలేదు. పిల్లలకు రోజూ చెప్తాను, తప్పు చేస్తే ఒప్పుకోవాలని. నేను దాచుకుంటే రేపు వాళ్ళు దాచుకోరూ? ఫోన్ చేశాను. కుళాయి వేళ కాని వేళ తిప్పారండీ, మూత కూడా బిగించలేదండీ అని అంతా వివరంగా చెప్పాను. మీ ఆఫీసులో ఆవిడ ఎవరు తిప్పారు అని అడిగింది. అక్కడ, అక్కడ భయమేసింది. ఎవరో ఒకావిడండీ అన్నాను. మీరెవరు అంది. ఈ బిల్డింగులో ఉంటానండీ అన్నాను. పెట్టేశాను.

తిట్టి పంపుతారనుకున్నాను గాని సీలు వేస్తారనుకోలేదు. మా ఆయనకు చెప్తే గోడ పట్టుకుని నవ్వారు. నీ మీద నువ్వే చాడీ చెప్పుకున్నావు, అదీ పేరు దాచుకుని అన్నారు. నవ్వి నవ్వి, తర్వాత అన్నారు, ముందు తాతయ్య సంగతి చూడు అని. చూశాను. పొద్దున్న ఈ మెట్ల మీదే అందరినీ పిలిచి చెప్పేశాను. తర్వాత దర్జీ అక్క లేచి వెళ్ళి ఆ లాగు తెచ్చుకుంది. ఆ వినిపిస్తున్న మిషను చప్పుడు దానిదే.

కిటికీ ఇంకా తెరవలేదు. మీరు సీలు వెయ్యకుండా వెళ్తే తెరుస్తారని నా నమ్మకం.

అందుకని, ఇదిగో తాళంచెవి. తీసుకోండి. నాకు వద్దు. తప్పు నాది, నన్ను తీసెయ్యండి. దీన్ని తాతయ్యకివ్వండి, ఆయన చేతిలో ఉంటే గంటంటే గంటే. కుళాయిని మాత్రం వదిలెయ్యండి. అది ఏం చేసింది పాపం, తిప్పితే తిరిగింది.

ఏమిటి? తీసుకోరా? మళ్ళీ నా మెడలోనే వేసుకోమంటారా? ఆ తీగ సంచిలో పెట్టేస్తున్నారే. నిజంగానేనా? ఉండండి, అటు చూడకండి, కిటికీ రెక్క కదిలింది. ఎప్పటి నుంచి వింటున్నారో మహానుభావుడు.

ఏమన్నారు? ఇంకోసారి ఇలా చెయ్యనని మాటివ్వాలా?

ఇద్దామనే ఉంది తమ్ముడూ. కానీ అబద్ధం ఆడితే నాకు ముద్ద దిగదని ఇప్పుడే చెప్పాను కదా. ఎండ మళ్ళీ అలా కాసి, కరెంటు మళ్ళీ అలా పోయి, మా పెద్దది మళ్ళీ అలా మొహం తిప్పుకుంటే, తిప్పేస్తాను. తిప్పేసి, మళ్ళీ మీ ఆఫీసుకే ఫోన్ చేస్తాను.

ఈసారి పేరు కూడా చెప్తాను.