పెద్దల ఆకు

సముద్రాల అవతలి చెరకు దీవిలో సబేటో లోయ. ఐదేళ్ళ గిర్మిట్ కూలి ఒప్పందం తీరాక చెరకు కౌలు చేసుకుంటున్న పైడయ్య ఇంటి వసారా. కోతల కాలం, ఆదివారం మధ్యాహ్నం. అతనూ, భార్య మంగమ్మా.

“ఈ దేశం వచ్చిన కాడినుంచీ నాకిదే అనుమానం మంగా. మనం ఇక్కడ పెట్టిన ముద్ద సముద్రం దాటి పెద్దలకి అందుతాదంటావా?”

“ఏటా ఇదే మాట. ఆకు కడుగు మావా, పులుసు చల్లారిపోతోంది.”

“కాదే. పెద్దల అమావాస్య మొన్ననే వెళ్ళిపోయింది. ఇవాళ పెడితే వాళ్ళకెలగ తెలుస్తాది?”

“కూలి లైన్లలో ఉన్నప్పుడు అమావాస్యకి సర్దారు సెలవిచ్చాడా? అప్పుడే కదా ఆదివారానికి మార్చుకున్నాం. ఈపాటికి వాళ్ళకీ అలవాటైపోయుంటుంది.”

“నువ్వుల్లేవు. మినుములు లేవు, బఠానీ పప్పు గారెలు. కంద బదులు దాలో దుంప. పోనీ పిలిచి పెడదామంటే ఈ దేశంలో కాకే లేదు. ఆ గోరింకలొచ్చి పొడుచుకుపోతాయి.”

“గోరింకలు మాత్రం? అవీ మనలాగే ఓడెక్కి వచ్చినవేనట. వాటికి దారి తెలుసులే.”

“నవ్వుతావు.”

“ఏడిస్తే నువ్వు తినవని నవ్వుతున్నాను. ఎలాగూ తినవనుకో. ఈ పండగొస్తే చాలు, నీకు ముద్ద గొంతు దిగదు.”

“ఆకలుండదే. అమావాస్యనాడు లేచేసరికి నోట్లో గుమ్మడికాయ పులుసు రుచి. ఎవరో కడుపునిండా తినిపించి లేపినట్టుంటాది. ‘పైడీ’ అని పిలుపు కూడా…”

“మళ్ళీ మొదలెట్టావా? పిల్ల వింటుంది. పోయినేడు నువ్విలాగే అంటే, నాయనమ్మే అనుకుని ‘ఆజీ వచ్చిందా, ఆజీ కిటికీలో ఉందా’ అని నా చెయ్యి వదల్లేదు.”

“ఈ ఏడూ పిలిచింది మంగా. నిరుటికంటే దగ్గరగా.”

“రామ రామ. ఊరుకో, అదుగో ఆ బాబు వస్తున్నాడు. రా బాబూ, రా! కాళ్ళు కడుక్కో. మావా, చెప్పలేదూ, లటోకా బజారులో మన మాట మాట్లాడుతుంటే పండక్కి పిలిచేశానని? ఈయనే.”

“దండాలన్నా. నా పేరు జగన్నాథం. ద్రాసా లైన్లలో ఉంటాను.”

“కూర్చో తమ్ముడూ. గిర్మిట్ తీరిందా?”

“ఇంకా ఉందన్నా. ఆదివారం కాబట్టి రాగలిగాను.”

“ఏ ఊరు మనది?”

“ఒక ఊరని లేదన్నా. పాలికాపు బతుకు. ఎక్కడ కూడు దొరికితే అక్కడ.”

“ఊళ్ళ కబుర్లు తరవాత. ఆ ఆకు ముందు కూర్చో బాబూ. మా అత్తగారి ఆకు అది. ఆవిణ్ణి నేను చూళ్ళేదనుకో. మాది గోదారి అవతల, మేం కలిసింది ఓడలో. పెద్దల ఆకు బయటి మనిషే తినాలంటాడు ఈయన. మా వైపు ఆవుకి పెట్టేస్తాం, గొడవ ఉండదు.”

“మా వైపూ మనిషేలే వదినా. పోయినవాళ్ళ ఈడు మనిషైతే మరీ మంచిదంటారు. నేనూ తిన్నాను, ఏటా.”

“మా అత్తగారి ఈడు ముసలమ్మని ఈ లోయలో ఎక్కణ్ణించి తేను? నువ్వే సర్దుకో.”

“పేరు చెప్పి పెట్టాలి కదా. ఎవరి పేర?”

“మా అమ్మ, తమ్ముడూ. సన్నాసమ్మ. గొల్లలవలస.”

“ఏ వలస?”

“గొల్లలవలస.”



“ఏం బాబూ, చెయ్యి వెనక్కి తీశావు? గారెలు చూసా? మినుములు దొరకలేదయ్యా.”

“గొల్లలవలసలో ఇల్లు… గానుగ వెనకాలా?”

“అవును. నీకెలగ తెలుసు?”

“వాకిట్లో మునగచెట్టు?”

“ఉంది. ఎవరు నువ్వు?”

“వదినా, ఈ ఆకు తీసెయ్యి. మడిచి తీసెయ్యి ముందు.”

“పండగపూట వేసిన ఆకు తియ్యడమేంటి?”

“బతికున్న మనిషికి వెయ్యకూడదు వదినా.”

“ఏటన్నావు? జబ్బుచేసి పోయిందని ఓడ దిగినోడెవడో చెప్పాడే!”

“సన్నాసమ్మ బతికే ఉందన్నా. నేనొచ్చేనాటికి కర్ర పట్టుకుని తిరిగేది. చూపు తగ్గింది గాని గొంతు తగ్గలేదు. నువ్వు… పైడయ్యవా? ఏట్లో పోయిన పైడయ్యవా?”

“నేను ఏట్లో పోవడమేటి?”

“సంతకని వెళ్ళావట. ఆ పూటే ఏరు పొంగిందట. అందులో పోయావనుకున్నారు ఊరంతా.”

“సంతలో ఒకడు కలిశాడు. పనుందన్నాడు. దగ్గరేనన్నాడు, పండక్కి ఇంటికొచ్చేయొచ్చన్నాడు. కూలీల డిపోలో తలుపేశాక గాని నాకు ఓడ మాట తెలీదు.”

“నువ్వు పోయాక ఆ ఊరొచ్చాను నేను. నీ ఈడువాణ్ణని నన్ను పిలిచి కూర్చోబెట్టేది. ఏటా, పెద్దల అమావాస్యనాడు.”

“నా పేర?”

“నీ పేర. ఆకు వేసి, కొత్త పంచె పెట్టేది. ఇదిగో, నేను కట్టుకున్నది అదే. చివరి ఏడు నీకు పెట్టింది.”

“మావా, అలా ముట్టుకోకు దాన్ని. నాకు భయంగా ఉంది.”

“ఉండు మంగా. తమ్ముడూ, ఆకులో ఏం పెట్టేది?”

“గుమ్మడికాయ పులుసన్నా.”

“విన్నావా?”

“విన్నాను. ఇంక ఊరుకో.”

“నా సంగతీ చెప్పనా వదినా? ఎంత తిన్నా ఆ రోజు నాకు కడుపు నిండేది కాదు. ఆకు ఊడ్చి లేచేవాణ్ణి, గడప దిగేసరికి ఆకలి. చద్దన్నం కోసం వెతుక్కునేవాణ్ణి. పెద్దల తిండి కదా, అంతేననుకున్నాను.”

“నేనేమో ఇక్కడ ముద్ద ముట్టలేకపోయాను. చూశావా మంగా? బతికుండగానే తల్లీకొడుకులం ఒకరికొకరం పెద్దల ఆకులేసుకున్నాం.”

“తెలియక చేసిన తప్పు. స్వామీ, క్షమించు. తీసేస్తున్నాను. ఇదిగో, తీసేశాను. బాబూ, మీ లైన్లలో దేశం తిరిగి పోయేవాళ్ళెవరైనా ఉన్నారా? కబురు పంపుదాం. కొడుకున్నాడు, కోడలుంది, ముక్కు అచ్చం వాళ్ళ నాన్న ముక్కే ఉన్న మనవరాలుందని.”

“ఉన్నాడు వదినా. వచ్చే ఓడకి మా వైపువాడొకడు పోతున్నాడు. నోట చెబితే చాలు, పొల్లుపోకుండా అప్పజెబుతాడు.”

“వద్దు.”

“వద్దా? ఏంటి మావా వద్దు?”

“ఆమె ఏడుపు అయిపోయింది మంగా. ఆకేసి, దండం పెట్టుకుని, నిద్రపోతోంది. ఇప్పుడు బతికున్నానంటే ఏమవుతాది? రోడ్డుమీద కూర్చుంటాది. ఆ కళ్ళతో. నేను పోగలనా? ఓడ ఎవరు ఎక్కిస్తారు? ఎక్కించినా ఊరు నిన్ను గడప తొక్కనిస్తాదా, నీ కులమేదో నా కులమేదో?”

“నన్ను అడ్డం పెట్టకు.”

“అడ్డమని కాదే. పోయినోడికి ఏడాదికొక ఆకు చాలు. బతికినోడికైతే రోజూ తలుపు తీసి ఉంచాలి.”

“ఆ తలుపు తియ్యాలో వద్దో నువ్వు తేలుస్తావా? కన్నది ఆవిడ.”

“దేవుణ్ణే అడుగుతున్నాను. ఏటా అడుగుతున్నాను. ఆయన పలకడు.”

“ఈ బాబుని నీ వసారాలో కూర్చోబెట్టాడు. ఇంకెలా పలకాలి?”

“తమ్ముడూ, నువ్వొచ్చేశాక నా ఆకు ఎవరు తింటున్నారు?”

“తెలీదన్నా. అదే నా మీదున్న బాకీ. ఊరొదిలేనాడు తన చేతిలో చెయ్యేయించుకుంది. ‘ఎక్కడికి పోయినా ఏటికోసారి నా కొడుకు పేర ఒక ఆకు వెయ్యి’ అని. లైన్లలో ఎక్కడెయ్యను? గది నిండా మనుషులు, రేషను బియ్యం. ఇంతవరకూ తీర్చలేదు. వదిన పిలవగానే, పండగ కూడు కదా, మనసులో ఆ పేరు తలుచుకుని తినేద్దామనే వచ్చాను.”

“అయితే తినెయ్యి.”

“మావా!”

“కొత్త ఆకు వెయ్యి మంగా. నా పేరు చెప్పి తినెయ్యి తమ్ముడూ. ఆమె మాట చెల్లిపోతాది. పైడయ్య ఏట్లోనే పోయాడు. అలాగే ఉండనీ.”

“ఓడలో నువ్వు కట్టిన పసుపుతాడు నా మెళ్ళో ఉండగా, నా ఇంట్లో నీ పేర పెద్దల ఆకు పడదు. కావాలంటే నన్ను చంపి వేసుకో. బాబూ, నువ్వేనా చెప్పవయ్యా!”

“నేనూ తినలేనన్నా. ఎదురుగా మనిషిని పెట్టుకుని ఎలగ తినను?”

“మరి బాకీ ఎలగ తీరుస్తావు?”

“నువ్వు తిను. వదినా, ఆకు అన్న ముందు వెయ్యి. మామూలు భోజనమే, భయపడకు. వడ్డించడం మాత్రం నేను వడ్డిస్తాను, ఆమె వడ్డించినట్టు.”

“నాకు దిగదు.”

“కూర్చో అన్నా. పంతులు వెళ్ళిపోయాక, వడ్డించేటప్పుడు ఆమె ఒక మాట అనేది. నా చెవి దగ్గర. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఆ మాట చెప్పి పెడితేనే ఆకు వేసినట్టంది.”

“ఏం మాట?”

“ముందు కూర్చో.”

“కూర్చో మావా. నా మాట విను.”

“కూర్చున్నాను. చెప్పు.”

“ఆ పులుసు ఇలా అందుకో వదినా. చెయ్యి పట్టన్నా. ఏటా ఇలాగే అనేది: ‘నువ్వు బతికే ఉన్నావని నాకు తెలుసు పైడీ. ఊరు నమ్మదు. బతికినోడికి ఆకెయ్యనివ్వరని చచ్చినోడి పేర వేస్తన్నాను. తిను నాయనా. తిని, బేగి ఇంటికి రా.’”