అంచున ఆగిన బంతి

బసవయ్య నోరు తెరిచాడంటే రేవులో పెట్టెల నిండా ఉన్న ఐసు కరిగేదాకా మూయడని గిలకలదిండిలో అందరికీ తెలుసు. యలమందకు ఇంకాస్త బాగా తెలుసు. ఇరవై ఐదేళ్ళుగా ఒకే బోటులో వల లాగుతూ ఆ కబుర్లు వింటున్న మనిషి అతను. వినీ వినీ చెవులు అలిసిపోయాయి. కానీ ఆ మధ్యాహ్నం దేవమ్మ టీ బడ్డీ ముందు బెంచీ మీద కూచుని, దేవుడా, ఈ ఒక్క పూట మా బావ నోరు అదుపులో పెట్టు తండ్రీ అని లోపల్లోపలే దండం పెట్టుకున్నాడు.

కారణం ఉంది. కిందటి వారం వల లాగుతుంటే బసవయ్య మోకాలు మడతపడి మనిషి నీళ్ళలోకి పోబోయాడు. యలమంద చొక్కా పట్టుకుని లాగాడు. చొక్కా చిరిగింది గానీ మనిషి దక్కాడు. "కాలు జారిందిలే" అన్నాడు బసవయ్య. కాలు జారలేదు. కాలిలో సత్తువ అయిపోయింది. ఇంకోసారి అలా జరిగితే పట్టి లాగే బలం తన చేతుల్లోనూ లేదని యలమందకు తెలుసు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

అందుకే, మంగినపూడి రోడ్డులో పని ఉందని తెలియగానే తనే వెళ్ళి బసవయ్య సంగతి చెప్పి వచ్చాడు. రొయ్యలు ఎగుమతి చేసే కామందు ఒకాయన అక్కడ అతిథిగృహం కట్టి, పై దేశాల నుంచి వచ్చే బేరగాళ్ళ సరదా కోసం వెనక చిన్న గోల్ఫ్ మైదానం వేయించాడు. దాన్ని చూసుకునే మనిషి కావాలి. బసవయ్య వయసులో ఉండగా విశాఖపట్నంలో అలాంటి మైదానంలో పనిచేశాడు. ఆ మాట విని కామందు మేనల్లుడు భానుప్రకాష్ మోటారు సైకిలు మీద తనే బడ్డీ దగ్గరికి వచ్చాడు.

మర్యాదస్తుడు. సెల్‌ఫోను బెంచీ మీద పెట్టి, దేవమ్మ ఇచ్చిన టీ అందుకుని అసలు సంగతికి వచ్చాడు.

"మాకో చిక్కుందండీ బసవయ్యగారూ. బంతి పడాల్సిన గుంట చుట్టూ నున్నగా కోసిన పచ్చిక ఉంటుంది కదా, గ్రీను, అక్కడిదాకా బంతి బాగానే వస్తోంది. తీరా వచ్చి దాని అంచుకి రెండడుగులు బయట ఆగిపోతోంది. అక్కణ్ణించి ఎలా కొట్టాలో మా వాళ్ళకి పాలుపోవడం లేదు. నేల మీద దొర్లించాలా, పైకి లేపాలా? మీరైతే ఏమంటారు?"

బసవయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. యలమంద కళ్ళు మూసుకున్నాడు.

"బాబూ, అడగాల్సిన మనిషినే అడిగారు. నేనక్కడ ఉన్న రోజుల్లో నేవీ ఆఫీసరొకాయన ఉండేవాడు, ఆరడుగుల మనిషి, మీసాలు ఇంతింత. ఒకరోజు ఆయన బంతి కూడా అచ్చం మీరన్నట్టే అంచు బయట ఆగింది. ఆయన వాలు కర్ర అడిగాడు, అదే, బంతిని పైకి లేపే కర్ర. నేనన్నానూ, వద్దు సార్, చదును కర్ర తీసుకోండి, మెల్లగా తట్టండి, నేల పట్టుకుని అదే పోతుందీ అని. తట్టాడు. పోయింది. గుంటకి జానెడు దూరంలో ఆగింది. నా వంక చూసి, శభాష్ అన్నాడు."

యలమందకు ప్రాణం లేచొచ్చింది. భానుప్రకాష్ తల ఊపుతున్నాడు. ఇక్కడ ఆపేస్తే చాలు. "బావా, టీ చల్లారిపోతోంది" అన్నాడు.

"చల్లారనీరా. ఆ తర్వాత ఏమైందో చెప్పొద్దూ? మర్నాడు పొద్దున వెళ్ళేసరికి గేటు ముందు పదకొండు కార్లు! అందరూ నాకోసమే. బసవయ్య చెప్పందే అంచు మీద బంతి ముట్టుకోబోమని భీష్మించుకు కూచున్నారు. ఒకాయన్ని దొర్లించమనేవాణ్ణి, ఒకాయన్ని చిన్నగా ఎగరేసి పరిగెత్తించమనేవాణ్ణి. చూసి కూడా కాదు బాబూ. అటు తిరిగి నిలబడి, బంతి గడ్డిలో పడ్డ చప్పుడు విని చెప్పేవాణ్ణి."

"చప్పుడు విని?" అంది దేవమ్మ.

"చేప పడవలో పడితే చప్పుడు విని ఏ చేపో చెప్పమూ? ఇదీ అంతే. ఒకసారి కలకత్తా నుంచి ఒక జనపనార షావుకారు వచ్చాడు. ఆయన బంతి అంచు బయటే ఆగింది గానీ, మధ్యలో ఇసక గొయ్యి, అవతల గుంట. దొర్లిస్తే గోతిలో పడుతుంది. పరిగెత్తిస్తే అటు దాటిపోతుంది. జనమంతా నా మొహం చూస్తున్నారు. నేను వాలు కర్ర ఇచ్చి, అయ్యా, దూరం సంగతి మర్చిపోండి, పైకి కొట్టండి, నిట్టనిలువునా, ఎంత బలముంటే అంత అన్నాను. కొట్టాడు. పోయింది బంతి. కనపడ్డం మానేసింది. అప్పుడేం చేశామనుకున్నారు?"

"ఏం చేశారేంటి?" అన్నాడు పక్కన వల బాగుచేసుకుంటున్న దానియేలు, తలెత్తకుండానే.

"టీ తాగాం. బంతి రాలేదు. విస్తళ్ళు వేశారు, పప్పూ కూరా వడ్డించారు, భోంచేశాం. రాలేదు."

"మజ్జిగ కూడా అయిందా బాబాయ్?" అన్నాడు దానియేలు.

"మజ్జిగలో ఉండగా వచ్చింది! మబ్బుల్లోంచి దిగింది కదా, తడిసి ముద్దయింది. పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు గుంట పక్కన మెల్లగా దిగి కూచుంది. షావుకారు డీలా పడిపోయాడు. నేను ఎంగిలి చేత్తోనే దగ్గరికెళ్ళి, ఇంతదూరం వచ్చి ఇక్కడ సిగ్గేమిటే, పో లోపలికి అన్నాను. పోయింది."

దేవమ్మ నవ్వింది. దానియేలు భుజాలు కదిలాయి. భానుప్రకాష్ మాత్రం నవ్వలేదు, టీ తాగడం ఆపి ఊరికే రోడ్డు వంక చూస్తున్నాడు. యలమంద చెయ్యి చాపి బసవయ్య తొడ మీద గట్టిగా నొక్కాడు. బసవయ్య ఆ చేతిని ఈగని తోలినట్టు తోలేశాడు. బసవయ్య మొహంలో అలసట కనబడుతోంది, ఎక్కడ ఆపాలో తెలియక నడుస్తూనే ఉన్నవాడి అలసట.

"ఇదొక లెక్కా! జపాన్ కెప్టెన్ వచ్చినప్పుడు చూడాలి. ఆయన ఓడ రేవులో ఉంది, మధ్యాహ్నం రెండింటికి బయలుదేరాలి, బంతి అంచు మీద ఆగింది. గుంట అటుంది, సముద్రం ఇటుంది. నేను తిథి లెక్క చూసుకున్నాను. అమావాస్య, పోటు మీదుంది. దొరా, గుంట వైపు చూడకండి, వెనక్కి తిరిగి సముద్రంలోకి కొట్టండి అన్నాను. పిచ్చివాడివా అన్నాడు. కొట్టమన్నానా! కొట్టాడు. కెరటం బంతిని అందుకుంది, రెండు మలుపులు తిప్పింది, ఇసక దాటించి, గట్టెక్కించి, గడ్డి మీద దొర్లించుకుంటూ తెచ్చి తిన్నగా గుంటలో వేసింది. చెయ్యి పెట్టి చూస్తే బంతితో పాటు మూడు రొయ్యలున్నాయి. కెప్టెన్ టోపీ తీసి నా నెత్తిన పెట్టి, మా దేశం రా, మా రాజుగారికి అంచు మీద కొట్టడం నేర్పు అని బతిమాలాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు గానీ..."

భానుప్రకాష్ లేచి నిలబడ్డాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, అదే యలమందను ఎక్కువ భయపెట్టింది.

"సంతోషమండీ బసవయ్యగారూ. మీరు చాలా పెద్ద పెద్దవాళ్ళకి సలహాలు చెప్పినవారు. మాకు కావల్సింది రోజూ గడ్డి చూసుకునే మనిషి. మిమ్మల్ని పట్టుకుని గడ్డి కొయ్యమని ఎలా అడుగుతాను? గుడివాడలో ఎవరో తోటపని చేసే అతను ఉన్నాడంటున్నారు, ఆయన్ని చూస్తాను. వస్తానండి."

చెప్పింది వెనక్కి తీసుకోవడం బసవయ్యకు పుట్టుకతోనే రాదు. కింద పెట్టిన గ్లాసు అందుకుని లేవబోతే మోకాలు కలుక్కుమంది, బెంచీ పట్టుకుని మళ్ళీ కూలబడ్డాడు. ఆ చప్పుడు యలమంద ఒక్కడే విన్నాడు.

"బాబుగారూ, ఆగండి" అన్నాడు యలమంద. "మా బావ ఎవరికీ కర్ర అందించలేదు. ఏ దొరా ఏ సలహా అడగలేదు. ఈయన అక్కడ గడ్డి కోశాడు. నాలుగేళ్ళు కోశాడు."

దానియేలు వల మీంచి మొదటిసారి తలెత్తాడు.

"నువ్వు చూశావేంట్రా?" అన్నాడు బసవయ్య.

"చూశాను. అప్పుడు నేను అక్కడి హార్బరులోనే బోటెక్కేవాణ్ణి, ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. సాయంత్రం నీ పంచె నిండా గడ్డి మరకలు. నీకు చేతులు పొక్కులెక్కితే ఉతికింది ఎవరనుకున్నావు? నేవీ ఆఫీసరా?"

దేవమ్మ నవ్వబోయి, బసవయ్య మొహం చూసి ఆగిపోయింది. బసవయ్య నేల చూపులు చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో అతణ్ణి అంత చిన్నగా యలమంద ఎప్పుడూ చూడలేదు. చెప్పి తప్పు చేశానా అనుకున్నాడు. చిరిగిన చొక్కా గుర్తొచ్చింది. తప్పయితే అవనీ అనుకున్నాడు.

భానుప్రకాష్ వెళ్ళలేదు. వెనక్కి వచ్చి, ఈసారి బసవయ్య పక్కనే కూచున్నాడు.

"గడ్డి కోశారా, నిజంగా?"

బసవయ్య తలెత్తకుండానే అడిగాడు.

"మీది ఏం గడ్డి?"

"బెంగళూరు నుంచి తెప్పించామండి. ఏదో పెద్ద పేరే చెప్పారు."

"ఏ ఊరిదైనా అది గరికే. గ్రీను రోజూ కోస్తున్నారా?"

"రోజూ."

"అంచు?"

"అంచంటే?"

"గ్రీను చుట్టూ బారెడు మేర. అది ఎవరు కోస్తున్నారు?"

భానుప్రకాష్ ఆలోచించాడు. "ఎవరూ కోయడం లేదండి. చీలమండ దాకా పెరిగింది."

"మరి బంతి అక్కడ ఆగక ఏం చేస్తుంది?" అన్నాడు బసవయ్య. ఇందాకటి గొంతు కాదది. మెల్లగా, ఆగి ఆగి వస్తోంది. "అంచుని గ్రీనంత పొట్టిగా కోయకూడదు, బీడులా వదిలేయకూడదు. నడిమధ్యన ఉంచాలి, వేలి మందాన. అలా ఉంచి, అది ఆరి ఉంటే ఎవరికీ ఏ సలహా అక్కర్లేదు, చదును కర్రతో దొర్లించమనండి. గడ్డి తడిగా ఉన్నా, ఆటగాడి వైపు వాలి ఉన్నా బంతిని పట్టేస్తుంది, అప్పుడు చిన్నగా ఎగరేసి గ్రీను మీద వేస్తే మిగతాది అదే పరిగెడుతుంది. బాగా పైకి లేపడం మాత్రం వేరే దారి లేనప్పుడే. గాల్లో ఉన్నంతసేపూ బంతి ఎవరి మాటా వినదు. పెద్దపెద్దవాళ్ళు అక్కడే చెడగొట్టుకునేవారు. నేను మిషను ఆపుకుని దూరంగా నిలబడి చూసేవాణ్ణి. చెబుదామనిపించేది. నన్ను ఎవరడుగుతారు?"

"రేపు పొద్దున్నే ఆరింటికి రాగలరా?" అన్నాడు భానుప్రకాష్.

"ఆరింటికి రాను."

యలమంద చెయ్యి మళ్ళీ బసవయ్య తొడ మీదికి వెళ్ళింది.

"మంచు ఆరకుండా కోస్తే మిషను గడ్డిని పీకేస్తుంది. ఎనిమిదింటికి వస్తాను. ఈలోగా మీవాళ్ళని ఎవరినీ అంచు ముట్టుకోనివ్వకండి."

"అలాగేనండి" అన్నాడు భానుప్రకాష్, నవ్వుతూ. మోటారు సైకిలు మలుపు తిరిగేదాకా ఇద్దరూ బెంచీ మీదే ఉండిపోయారు.

తర్వాత లేచి ఇంటిదారి పట్టారు. బసవయ్య కుంటుతున్నాడు, యలమంద అడుగు తగ్గించి నడుస్తున్నాడు. వలలు ఆరేసిన దిబ్బ దాటారు. ఐసు ఫ్యాక్టరీ దాటారు. బసవయ్య పెదవి విప్పలేదు. ఇక ఈ మనిషి నాతో మాట్లాడడేమో అనుకున్నాడు యలమంద. అనుకుంటే నీరసం ముంచుకొచ్చింది.

సందు మొదట్లో బసవయ్య ఆగాడు.

"నలుగురిలో నాలుగేళ్ళంటావేంట్రా?" అన్నాడు కోపంగా. "ఐదేళ్ళు కోశాను."

కోసింది మూడేళ్ళు కూడా నిండలేదు. నాలుగని పెంచి చెప్పింది యలమందే.

"ఐదేలే బావా, పద" అన్నాడు.