పైగది నుంచి రెండు దెబ్బలు

"అక్కా, పెద్దమ్మగారి ఒళ్లు మంచుగడ్డలా ఉంది! పొద్దున్నే పోయినట్టున్నారు."

ఫౌండేషన్ పెట్టిన పెద్దమ్మగారు పైగదిలో మంచాన పడ్డాక, కింద మీటింగుకి జవాబు కర్రతోనే చెప్పేవారు. నేలమీద ఒక దెబ్బ కొడితే సరే, రెండు కొడితే వద్దు.

"నోర్ముయ్యవే. అనాథాశ్రమానికి సాయం వద్దని ఇప్పుడేగా కొట్టారు!"

"కర్ర పట్టుకుని చూడక్కా. పిడి ఇంకా వెచ్చగా ఉంది."

"భయపెట్టకే తల్లీ! ఆ దెబ్బలు పడ్డప్పుడు అందరం కిందే ఉన్నాంగా?"

"వాళ్లబ్బాయి చిన్నబాబుగారు తప్ప. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని ఫోన్లోంచే మాట్లాడారు."

"ఔనే... ఆ ఫోన్లోనూ దెబ్బలు వినపడ్డాయి. మనకి కింద వినపడ్డ వాటికంటే గట్టిగా."

"ఆశ్రమం మూతపడితే ఆ స్థలం కొనాలని చూస్తున్నదీ ఆయనే."

బీరువా పక్కన కర్టెన్ కదిలింది.

"కొట్టింది మీరే, చిన్నబాబుగారూ. బయటికి రండి."