సూదిలో నీలి దారం

కుట్టు కేంద్రం నడిపే టీచరమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, కుట్టుమిషన్లు విరాళమిచ్చిన సంస్థ ఆఫీసరు మూలనున్న మిషను ముందు కూర్చున్నాడు.

“అక్కా, ఈ నీలి దారం పోయినేడు ఫోటో కోసం నేనెక్కించిందే కదా?”

“నీలి దారాలు బోలెడుంటాయి బాబూ.”

“చివర ముడి ఉంది. మిషను దారానికి ముడేసే తెలివి నాకే ఉంది. అప్పుడు మీరు నవ్వారు కూడా.”

టీచరమ్మ పక్క మిషను మీంచి తీసిన ముసుగును మడతపెట్టసాగింది.

“నేనొచ్చిన రోజే ఈ మిషన్లకి ముసుగులు తీస్తారు, అవునా?”

“అవును.”

“మరి ఏటా మా ఫారంలో ‘అంతా బాగుంది’ అని రాస్తారేం?”

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టుంటుందని. ఉన్నది కూడా ఊడుతుందేమోనని.”

“అసలేం కావాలక్కా?”

“పిల్లల్ని చూసుకునే మనిషి. ఇక్కడికొచ్చేవాళ్లంతా చంటిపిల్లల తల్లులే. అదిగో, గుమ్మంలో ఆ అమ్మాయిలాగే. చంకలో బిడ్డతో మిషనెలా తొక్కుతారు? కాసేపు వీటివంక చూసి వెళ్లిపోతారు. ఆ చూపు భరించలేకే ముసుగులు కప్పేశాను.”

“ఈ మాట కోసం నా కళ్లు కాయలు కాచాయి.”

“అడుగుతారేమోనని నావీ కాచాయి బాబూ. రాస్తే మీ పెద్దలు ఒప్పుకుంటారా?”

“తెలీదు. కానీ ఉత్త ‘బాగుంది’ పట్టుకెళ్లి వాళ్లతో ఏమని పోట్లాడను?”

టీచరమ్మ అతని చేతిలోని ఈ ఏటి ఫారం లాక్కుని ‘అంతా బాగుంది’ కొట్టేసింది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది.

“అమ్మాయ్, లోపలికి రా. బిడ్డని ఈ సారు చేతికిచ్చి, ఆ మిషను ముందు కూర్చో.”