చాప కింద దొరగారు

(సమోవా దీవులను అమెరికా నౌకాదళం ఏలుతున్న రోజులు. పాగో పాగో రేవుకు ఎదురుగా, కొండమీది గవర్నరు బంగళా వరండా. తెల్లవారింది. గవర్నరు భార్య ఆగస్టా, ఇంటిపని చూసే లోసా.)

"ఆ దుర్భిణి ఇటియ్యి లోసా."

"కోకో చల్లారిపోతోందమ్మగారూ. ముందు తాగండి."

"ఇయ్యమంటున్నానా! తుడిచిన అద్దాన్నే ఎన్నిసార్లు తుడుస్తావ్? ఆయన పక్కమీద లేరు. ఎక్కడికెళ్ళారు?"

"రేవుకేమోనమ్మగారూ. ఏదో ఓడ వస్తుందన్నారు..."

"ఏ ఓడా లేదు, నాకూ కళ్ళున్నాయి. అదిగో, ఆ ఇల్లెవరిది? సీమపనస చెట్టు పక్కన, ముందు తెల్ల గులకరాళ్ళు పరిచింది."

"ఏ ఇల్లు?"

"ఏ ఇల్లో నీకు తెలుసు."

"మా ఊరి నాయకుడిగారిల్లు."

"ఫెతూ ఇల్లని చెప్పు! నోరు రాదేం?"

"ఫెతూ వాళ్ళ నాన్నగారి ఇల్లు."

"దాని వాకిట్లో ఎవరో కూర్చున్నారు. నెత్తిమీంచి చాప కప్పుకుని. మొహం కనపడ్డం లేదు."

"ఎవరో ముసలాయన అయ్యుంటాడు. ఎండకి..."

"ఎండెక్కడే? సూర్యుడింకా కొండే దాటలేదు! ముసలాయన తెల్లబూట్లు వేసుకుంటాడా? ఆ బూట్లకి నిన్న నేనే దగ్గరుండి తెల్లరంగు పట్టించాను లోసా!"

"కోకో పూర్తిగా చల్లారిపోయిందమ్మగారూ."

"ఆగాగు. ఆ చాప... హాల్లో గోడకున్న సన్నచాప కదూ? ఎర్ర ఈకల అంచుది?"

"ఉతకడానికి తీశానమ్మగారూ."

"దాన్ని ఉతకరని నువ్వేగా చెప్పావ్!"

"చెప్పాను."

"మేం దిగిన రోజు మీ నాయకులంతా కలిసి ఇచ్చింది. దాని విలువ చేసేది దీవిలో ఇంకోటి లేదన్నావ్. దాన్ని పట్టుకెళ్ళి ఆ పిల్లకి కానుక ఇస్తున్నారా? మొన్న నా పుట్టినరోజుకి ఏమిచ్చారో తెలుసా? చేతిరుమాళ్ళు!"

"కానుక కాదమ్మగారూ."

"మరేమిటి? దాని గుమ్మం ముందు కూలబడి బతిమాలుకుంటున్నారు! ఇన్నేళ్ళలో నన్నొక్కసారైనా అలా బతిమాలారా? కడుపు మండిపోతోందే నాకు. శనివారం విందులోనే చూశాను. అది నవ్వుకుంటూ వచ్చి తన మెళ్ళో దండ తీసి ఆయనకి వేయడం, ఈయన తల వంచి వేయించుకోవడం!"

"ఊరి కన్నె కదమ్మగారూ, వచ్చిన పెద్దకి ఊరి తరఫున తనే వేయాలి. ఇంతకుముందున్న గవర్నరుగారిది బట్టతల, బాన పొట్ట. ఆయనకీ వేసింది."

"ఆయన్నీ ఇలాగే చూసి నవ్విందా?"

"ఇంకా ఎక్కువ నవ్వింది."

"ఆ దండ నేను తెంపి పారేశాను. మంచి పని చేశాను."

"దండ పోతే ఇంకోటి గుచ్చుకుంటారు. ఆ తర్వాత మీరన్న మాట..."

"అన్నాను. పరాయి మొగుళ్ళకి వల వేసేదానా అన్నాను. మళ్ళీ అంటాను! అయినా ఇంగ్లీషులోగా అన్నాను."

"ఫెతూ మిషన్ బళ్ళో చదువుకుందమ్మగారూ. మా అక్క అడిగితే ఏడుస్తూ చెప్పింది."

"మధ్యలో మీ అక్కెవరు?"

"ఫెతూ వాళ్ళమ్మ."

"అంటే... నువ్వు దాని పిన్నివా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం!"

"మీరెప్పుడూ అడగలేదు."

"అయితే ఈ కోకోలో ఏం కలిపావ్?"

"చక్కెర."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వడం లేదమ్మగారూ. ఆ పిల్ల శనివారం నుంచి గడప దాటలేదు. ఊరి కన్నెని అంటే ఊరంతటినీ అన్నట్టే. మగాళ్ళు కత్తులు నూరుకుంటున్నారు."

"దానికీ, ఆయన చాప కప్పుకోడానికీ ఏమిటి సంబంధం?"

"మాకో పద్ధతుంది. తప్పు చేసినింటివాళ్ళు తెల్లారకుండా వచ్చి, ఇంట్లో ఉన్నవాటిలోకల్లా మంచి చాప కప్పుకుని, నొచ్చుకున్నవాళ్ళ వాకిట్లో తలొంచుకుని కూర్చుంటారు. లోపలివాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు."

"తీయకపోతే?"

"అలా కూర్చోవడమే. మా తాతల నాడు లోపలివాళ్ళు గొడ్డలి పట్టుకుని కూడా వచ్చేవారు."

"అమ్మో! అంత తప్పు ఏం చేశారాయన? అంటే నిజంగానే... ఆ పిల్లతో..."

"దొరగారేం చేయలేదమ్మగారూ."

"మరి?"

"చేసినవాళ్ళు రాకపోతే ఇంటిపెద్ద కూర్చోవాలి."

"అంటే... నా బదులు ఆయనా?"

"వాన మొదలైంది. ఈ కోకో వేడి చేసి..."

"అవతల పెట్టు! నాకెందుకు చెప్పలేదు? నీకు చెప్పారు. నాకు చెప్పలేదు!"

"చెప్తే వెళ్ళనిచ్చేవారా?"

"ఆ ఇంటి తెరలు దించే ఉన్నాయి లోసా. ఎవరూ బయటికి రావడం లేదు. ఆయన తడిసిపోతున్నారు. ఏం చూస్తున్నారు వాళ్ళు, లోపల కూర్చుని?"

"మన బంగళా నుంచి దిగే కొండదారి."

"కొండదారా... నా గొడుగెక్కడ? వద్దు. గొడుగొద్దు. లోసా, ఆ చాప కింద ఇద్దరికి చోటుంటుందా?"

"ఉంటుందమ్మగారూ. దొరగారు చిన్నది తీయబోతుంటే, పెద్దది పట్టుకెళ్ళమని నేనే చెప్పాను."